పాసింజరు ఇంజనూ, తాలుకాయల పొగా

నా చిన్నప్పుడు మా ఇంట్లో రైలింజన్ పేరెత్తితే మా నాన్న పక్కకు తిరిగి ఉమ్మేసేవాడు. అన్నం తింటున్నా సరే, లేచి బయటికెళ్లి ఉమ్మొచ్చి మళ్లీ విస్తరి ముందు కూర్చునేవాడు. నరసరావుపేట నుంచి వినుకొండ వైపు పోయే మీటర్ గేజి లైను మా చేలోంచే పోయేది. తెల్లదొరల కాలంలో ఆ లైను వేసినప్పుడు మా ముత్తాత నల్లరేగడి రెండు ముక్కలైందట. ఇటు ముక్క నుంచి అటు ముక్కకు బండి తోలుకుపోవాలంటే మైలున్నర తిరిగి గేటు దగ్గరికి పోవాలి. ఆ కోపం మా ఇంట్లో పొలంతో పాటే తరం నుంచి తరానికి వచ్చింది.

అదే ఇంట్లో మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, ఉండేవాడు. ఆయన వయసంతా లోకోషెడ్డులో ఫిట్టరుగా గడిచింది. అమ్మమ్మ పోయాక వేరే దిక్కులేక కూతురింటికి చేరాడు. మామా అల్లుళ్లు ఒకే పంచలో కూర్చునేవాళ్లు గాని ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు కాదు. "మీ తాతను అన్నానికి లెమ్మను" అని నాన్న నాతో అనేవాడు, తాతయ్య మూరెడు దూరంలో ఉండగానే. "వస్తున్నానని మీ నాన్నకు చెప్పు" అని తాతయ్య నాతోనే అనేవాడు. ఇద్దరి మధ్యా కబుర్లు మోసి మోసి నాకు చిన్నప్పుడే మనుషులంటే విసుగు పుట్టింది.

మొన్న మా మనవడు ఫోనులో ఒక బొమ్మ చూపించి, "నానమ్మా, స్టీమ్ ఇంజన్ ఎంత బావుందో చూడు" అన్నాడు. చూడగానే గుర్తుపట్టాను. అది మా పాసింజరును లాగిన వై.పి. రకం ఇంజను. ఎండకు మెరిసే నల్లరంగు, వెనక్కి వంగిన తెల్లపొగ, పక్కన పచ్చటి చేలు. నాకు ఒళ్లు మండింది. ఆ బొమ్మ తీసినవాడు దాని పక్కన ఒక్క ఏడాది వ్యవసాయం చేసి ఉంటే అంత ముచ్చటగా తీసేవాడు కాదు. "తీసెయ్యరా దాన్ని" అన్నాను. వాడు బిత్తరపోయాడు. పాపం, వాడికేం తెలుసు.

ఆ ఇంజన్ల పుట్టుపూర్వోత్తరాలు నాకు తాతయ్య నేర్పాడు. బడిలో పద్యాలు రాకపోయినా ఇవి మాత్రం ఒంటబట్టాయి. 'వై' అంటే మీటర్ గేజి, 'పి' అంటే పాసింజరు. వై.పి.కి ముందు ఈ లైను మీద తిరిగినవి ఓడల్లో దిగిన పాతకాలపు ఇంజన్లు. మంచి బొగ్గుకు అలవాటుపడ్డ జాతి అనేవాడు తాతయ్య. మన బొగ్గులో చాలావరకు బూడిదే. వాటి ఇరుకు పొయ్యిలో ఆ బొగ్గు సరిగా మండక డ్రైవర్లు గాలి గట్టిగా లాగించేవాళ్లు. దాంతో నిప్పురవ్వలు గొట్టంలోంచి ఎగిరి చేలల్లో పడేవి. లైను వారగా గడ్డివామి వెయ్యాలంటే ఊళ్లో అందరికీ భయమే. స్వతంత్రం వచ్చిన కొత్తలో వై.పి. వచ్చింది. ముందు కొన్ని నమూనాగా అమెరికా నుంచి దిగాయి. వాటిని తిప్పి చూశాక ఇంకొన్ని బ్రిటన్ నుంచీ జర్మనీ నుంచీ తెప్పించారు. ఆ తర్వాత జంషెడ్‌పూరులో మనవాళ్లే తయారు చెయ్యడం మొదలుపెట్టారు. ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్దవి, వెనక రెండు. ఆ వెనక చక్రాల మీద వెడల్పాటి పొయ్యి. మన బూడిద బొగ్గు మండాలంటే అంత వెడల్పు ఉండాలట. గొట్టం కింద ముందరి పెట్టెలో ఇనప జల్లెడ ఉంటుంది. రవ్వ దాన్ని దాటి బయటపడేలోపు నలిగి చల్లారుతుంది.

జల్లెడ సంగతి చెప్పేటప్పుడు తాతయ్య మొహం వెలిగిపోయేది. నాన్న మొహం మాడిపోయేది. "అమెరికా దెయ్యమైతే ఏంది, జంషెడ్‌పూరు దెయ్యమైతే ఏంది, నా ఎద్దుల్ని బెదరగొట్టేది అదేగా" అని గాలిలోకి అనేవాడు.

మా ఊరి స్టేషనులో మధ్యాహ్నం పాసింజరు నీళ్లు పట్టుకునేది. ఆ వ్యవధిలో ఫైర్‌మన్ పొయ్యిలోని బూడిదను పట్టాల మధ్య గుంటలోకి దులిపేవాడు. అందులో కాలీకాలని బొగ్గులుండేవి. ఊళ్లో సగం కుంపట్లు ఆ బొగ్గుల మీదే నడిచేవి. బండి కదలగానే ఆడపిల్లలం ఇనప గమేళాలతో గుంట మీద పడేవాళ్లం. ఏరిన బొగ్గుల మీద నీళ్లు చల్లి, చుయ్యిమనడం పూర్తిగా ఆగాకనే నెత్తికెత్తుకోవాలి. పైకి నల్లగా కనిపించినా లోపల నిప్పు చాలాసేపు బతికే ఉంటుంది. ఇది ఊళ్లో నాలుగేళ్ల పిల్లకు కూడా తెలుసు.

మా ఇంట్లో మాత్రం ఆ బొగ్గు తేకూడదు. రైలు విదిల్చింది మా గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానన్నాడు నాన్న. అమ్మకేమో పత్తికంప పొయ్యి ఊది ఊది కళ్లు మంటలు. కుంపటి మీద పాలు పెట్టుకుంటే ఆవిడకు ప్రాణం హాయిగా ఉండేది. అందుకని నాన్న చేలో ఉన్నప్పుడు చాటుగా నన్ను పంపేది. తెచ్చిన బొగ్గు కల్లంలోని పాక వెనక పోసి పైన గోనెపట్టా కప్పేదాన్ని.

నాకు పదో ఏడు. శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుతున్నాయి. కల్లం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పాకలో, ఆ ఏడు మేం తీసిన పత్తి అంతా కుప్పగా ఉంది. ఆ రోజు పాసింజరు ఆలస్యంగా వచ్చింది. నాన్న కల్లానికి వచ్చే వేళవుతోందన్న కంగారులో నేను నీళ్లు చల్లకుండానే బొగ్గు ఎత్తుకొచ్చి పాక తడిక వారగా పోశాను. ఇంటికెళ్లి మంచినీళ్లు తాగేంతలో కేకలు వినిపించాయి. మేం పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి పాక లేదు. పత్తి మంటగా కూడా మండదు, లోపల్లోపలే కుమిలిపోతుంది. ఊరంతా బిందెలతో నీళ్లు పోసినా పిడికెడు దక్కలేదు.

నాన్న ఆ నల్లటి తడి కుప్ప ముందు నిలబడి, "ఎట్టా అంటుకుంది? ఎవరన్నా చూశారా?" అని అరిచాడు. అమ్మ నా వంక చూసింది. ఆ చూపులో ఏముందో చెప్పక్కర్లేదు. నేను నోరు తెరిచి, "పాసింజరు పోయేటప్పుడు గొట్టంలోంచి రవ్వలు పాక మీద పడ్డయ్ నాన్నా. నేను చూశా" అన్నాను. నాన్నకు ఆకలి మీద అన్నం పెట్టినట్టయింది. ఆ క్షణం నుంచి ఊరంతా ఆ బండి డ్రైవరు మీద పడింది. అర్జీ రాశారు, వేలిముద్రలు వేశారు. విచారణకు రైల్వే ఇనస్పెక్టరు స్టేషనుకు వస్తాడనీ, పిల్ల స్వయంగా చెప్పాలనీ కబురొచ్చింది.

ఆ డ్రైవరు మంచివాడని నేను చెప్పను. పొడుగ్గా, మొహం చిటపటలాడుతూ ఉండేవాడు. మేం గుంట దగ్గరికి తొందరపడి వస్తే ఇంజన్ పక్కనుంచి బుస్సున ఆవిరి వదిలి, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టేవాడు. పిల్లలందరికీ అతనంటే కసి. కాబట్టి నేరం అతని మీదికి నెట్టినందుకు నాకు రాత్రి నిద్ర పట్టకుండా పోలేదు. హాయిగా పడుకున్నాను. జల్లెడ చిరిగినా చూసుకోకుండా బండి నడిపాడని రుజువైతే పాసింజరు నుంచి దించి షంటింగుకు వేస్తారని తాతయ్య అమ్మతో అంటుంటే విన్నాను. షంటింగంటే స్టేషను యార్డులో పెట్టెలు అటూ ఇటూ నెట్టే పని. మంచిదే అయిందనుకున్నాను.

తాతయ్య నన్ను ఒక్క మాట అడగలేదు. పెళ్లిళ్లకు తప్ప కట్టని తన మంగళగిరి పంచె తీసి, కాలిన పాక పక్కన, లైనుకు ఎదురుగా, రెండు గుంజలకు బిగించి కట్టాడు. ప్రతి బండీ పోయాక వెళ్లి దాన్ని అంగుళం అంగుళం వెతికేవాడు. పాత ఇంజన్ తగిలించిన గూడ్సు పోయాక అక్కడక్కడా చిన్న చిన్న కన్నాలు పడ్డాయి. వాటి చుట్టూ బొగ్గుముక్కతో సున్నా చుట్టాడు. పాసింజరు పోయాక మసి తప్ప ఒక్క కన్నం లేదు. పాక కాలిన రోజు అంతకుముందు గూడ్సు ఏదీ పోలేదని స్టేషను మాస్టరును కూడా అడిగొచ్చాడు. నాలుగు రోజులు చూసి, పంచె తెచ్చి నాన్న ముందు పరిచి, ఏళ్ల తర్వాత మొదటిసారి సూటిగా మాట్లాడాడు.

"ఇటు చూడు అల్లుడూ. పాసింజరు నాలుగు రోజుల్లో ఒక్క కన్నం పెట్టలేదు."

"మీ పంచె కూడా రైల్వేలో రిటైరైందేగా మావగారూ, మీ మాటే చెబుద్ది" అన్నాడు నాన్న. "నా కూతురు కళ్లారా చూసింది. పంచెకి కళ్లున్నయ్యా?"

తాతయ్య పంచె మడత పెట్టుకుని వెళ్లిపోయాడు. అంతకుముందే ఆయన పాక బూడిదను కర్రతో కెలికి చూశాడని అమ్మ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. పత్తి బూడిదలో బొగ్గు కాలి గడ్డకట్టిన చిట్టెం ఎందుకుంటుందో ఫిట్టరుకు ఒకరు చెప్పాలా?

విచారణ ఎల్లుండి అనగా, పొద్దున కల్లంలో నాన్నా బాబాయీ మాట్లాడుకోవడం విన్నాను. మిరపకాయలు ఏరగా మిగిలిన తాలుకాయలు రెండు గోతాలున్నాయి. రంగుపోయి ఎందుకూ కొరగానివి. అవి కాలిస్తే వచ్చే ఘాటు మా వైపు వాళ్లకే తెలుసు. పొయ్యిలో ఒక్క కాయ పడితే ఇల్లంతా దగ్గి చస్తుంది. చేను చివర మలుపు దగ్గర, గాలి లైను మీదికి వీచే చోట వాటిని పోసి, పాసింజరు కూత వినపడగానే అంటించాలని వాళ్ల పన్నాగం. "నిన్నటిదాకా మనల్ని కాల్చాడు. ఇయ్యాల వాడి ముక్కులు కాలాలి" అన్నాడు బాబాయి. నిజం చెప్పాలంటే నాకు సంబరమేసింది.

ఆ మధ్యాహ్నమే తాతయ్య నా చెయ్యి పట్టుకుని స్టేషనుకు తీసుకెళ్లాడు. ఎందుకని అడిగితే ఇంజన్ చూపిస్తానన్నాడు. పాసింజరు వచ్చి ఆగాక ముందువైపు గుండ్రటి తలుపు చూపించి, జల్లెడ దాని వెనకే ఉంటుందన్నాడు. పక్కన రేకు మీద వై.పి. అన్న అక్షరాల్ని నా వేలు పట్టుకుని తడిమించాడు. తర్వాత డ్రైవరు దగ్గరికెళ్లి, పక్క స్టేషను దాకా మమ్మల్ని ఇంజన్లో ఎక్కించుకోమన్నాడు.

డ్రైవరు నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "ఈ పిల్లేనా సాక్షి? మేస్త్రీ గారూ, నేను క్లీనరుగా చేరినప్పుడు నాకు స్పానరు పట్టుకోవడం నేర్పింది మీరు కాబట్టి ఊరుకుంటున్నా. లేకపోతే దీన్ని ప్లాట్‌ఫారం మీద కూడా నిలబడనియ్యను" అన్నాడు. తాతయ్య నన్ను ఇంజన్లోకి ఎత్తాడు.

లోపల వేడి మొహాన కొట్టింది. ఫైర్‌మన్ కుర్రవాడు. మసి పట్టిన మొహంలో పళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. తను కూర్చునే గోనె మడతపెట్టి నాకిచ్చి, "కాళ్లు కాలతయ్ చెల్లెమ్మా, దీని మీద నిలబడు" అన్నాడు. ఆ రోజు అక్కడ నన్ను మనిషిగా చూసినవాడు అతనొక్కడే. బండి కదిలాక తాతయ్య నా చెవి దగ్గర వంగి మాట్లాడాడు. క్లీనరు, ఫైర్‌మన్, షంటరు, గూడ్సు డ్రైవరు, ఇన్ని మెట్లెక్కి ఈ పాసింజరు అందుకోవడానికి ఆ మనిషికి ఇరవై ఏళ్లు దాటిందన్నాడు. ఎల్లుండి నన్ను అడుగుతారనీ, ఏం చెబుతానో నా ఇష్టమనీ అన్నాడు. నేను నిజం చెబుతానని ఎదురుచూశాడు. నేను చెప్పలేదు.

చెప్పకపోవడానికి నా బుర్రలో వేరే లెక్క నడుస్తోంది. మలుపు దగ్గరపడుతోంది. అక్కడ తాలుకాయలు పోసి ఉన్నాయని ఆ ఇంజన్లో నా ఒక్కదానికే తెలుసు. చెబితే నాన్న దొరికిపోతాడు. నాన్న దొరికితే బొగ్గు సంగతీ బయటికొస్తుందేమో. చెప్పకపోతే ఏమవుతుంది, కాస్త పొగ, కాస్త దగ్గు. డ్రైవరుకు ఆ మాత్రం కావలసిందే. ఇవన్నీ అటూ ఇటూ తిప్పి ఆలోచించాను. డ్రైవరు కూత వేశాడు. ముందు పక్క నుంచి తెల్లటి పొగ లేచి లైను మీదికి పాకడం చూశాను. అప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆ పొగ లోపలికి రాగానే ఊపిరి ఆగిపోయింది. కళ్లల్లో కారం పోసినట్టు కాదు, కళ్లే కారమైపోయినట్టయింది. సరిగ్గా ఆ సమయానికి ఫైర్‌మన్ పొయ్యి తలుపు తెరిచి పారతో బొగ్గు వేస్తున్నాడు. దగ్గు తెరలో రెండుగా వంగి, కళ్లు కనపడక తూలి, ఆపుకోవడానికి కుడిచెయ్యి చాచాడు. ఆ చెయ్యి తలుపు ఇనుము మీద ఆనింది. అతని కేక ఇంజన్ చప్పుడు మించి వినపడింది. తాతయ్య గుడ్డిగానే వెళ్లి అతన్ని వెనక్కి లాగాడు. డ్రైవరు బండి ఆపలేదు. ఆపితే పెట్టెల్లో జనమంతా ఆ పొగలోనే ఉండిపోతారు. ఒక చేత్తో మీట పట్టుకుని, రెండో చేత్తో తన తడి తువ్వాలు నా మొహానికి అదిమిపెట్టి, తను మాత్రం కళ్ల నీళ్లు కారుతుండగా నాన్ననూ మా ఊరినీ బండబూతులు తిడుతూ బండిని బయటికి లాక్కుపోయాడు.

పక్క స్టేషనులో పెట్టెల్లోంచి జనం వాంతులు చేసుకుంటూ దిగారు. చంటిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. ఫైర్‌మన్‌ను చెక్కబల్ల మీద పడుకోబెట్టారు. అతని అరచేతి చర్మం ఊడొచ్చింది. తాతయ్య ఎర్రబడ్డ కళ్లతో నన్ను చూసి, "నీకు ముందే తెలుసా?" అని అడిగాడు. నేను నేల చూశాను. ఆయన వెనక్కి తిరిగాడు. ఇంటిదాకా నా చెయ్యి పట్టుకోకుండా నడిచాడు.

విచారణ రోజున స్టేషను గదిలో నాన్న నన్ను ముందుకు తోశాడు. ఏం చూశావని ఇనస్పెక్టరు అడిగాడు. ఫైర్‌మన్ చెయ్యి కాలడం చూశానని చెప్పాను. మలుపులో తాలుకాయలు పోసిన సంగతి నాకు ముందే తెలుసని చెప్పాను. రవ్వలు చూడలేదనీ, పత్తి తగలబెట్టింది నేను తెచ్చిన బొగ్గేననీ చెప్పాను. అమ్మ పంపిందని మాత్రం చెప్పలేదు. నాన్న కుర్చీ తన్నేసి బయటికి పోయాడు. మా చేలో మా తాలు మేం కాల్చుకుంటే నేరమేందని బాబాయి ఎదురుతిరిగాడు. దానికి ఎవరికీ ఏ శిక్షా పడలేదు. డ్రైవరు ఉద్యోగం నిలబడింది. నాన్న ఆ వానాకాలం దాకా నాతో మాట్లాడలేదు, నా చేత కబుర్లు మోయించడం కూడా మానేశాడు.

గదిలోంచి బయటికొస్తుంటే డ్రైవరు ఎదురయ్యాడు. మెచ్చుకుంటాడేమోనని సిగ్గులేకుండా ఒక్క క్షణం ఆశపడ్డాను.

"మొన్న ఇంజన్లో నీకు నోరు పడిపోయిందా?" అన్నాడు. "వాడి కుడిచెయ్యి ఇక పార పట్టదంట. నీ నిజాన్ని వాడేం చేసుకోవాలి?"

నా పిల్లలు ఈ కథను తమ పిల్లలకు చెబుతూ, పదేళ్లకే నానమ్మ అంతమంది ముందు నిజం చెప్పిందంటారు. వింటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. చెప్పానని కాదు, ఎప్పుడు చెప్పానో అడగండర్రా అంటాను. నోటి దురుసు మనిషినని నాకు పేరుంది. పెళ్లిపందిట్లోనూ, పంచాయితీలోనూ, ఆఖరికి ఆసుపత్రిలో డాక్టరు ముందూ తెలిసింది తెలిసినట్టు అప్పటికప్పుడు అనేస్తాను. కాస్త ఆలోచించి మాట్లాడరాదా అని అందరూ సుద్దులు చెబుతారు. ఒకసారి ఆలోచించాను. నేను ఆలోచించినంతసేపట్లోనే ఆ కుర్రవాడి చెయ్యి కాలింది.